రెండో బల్ల మెరుపు

నల్ల గాజు పలకని మూడోసారి తుడిచి కిటికీ వైపు ఎత్తి చూసింది మీటరమ్మ. వేలిముద్ర లేదు, నూగు లేదు. పలకని దాని గూట్లో పెట్టి, పైన మీటరు ఆనించి, బొత్తాం నొక్కింది. అంకె కాసేపు అటూ ఇటూ ఊగి నిలబడింది. పలక వెనక అచ్చేసి ఉన్న అంకె, మీటరు చూపించిన అంకె ఒకటే. అంటే ఇవాళ్టికి మీటరు మాట నమ్మొచ్చు. ఇరవై ఆరేళ్లుగా రోజూ పొద్దున ఎనిమిదింటికి ఆవిడ చేసే మొదటి పని ఇది. పలక మీద కాస్త జిడ్డు ఉంటే చాలు, ఆ రోజంతా మీటరు ప్రతి తలుపుకీ లేని మెరుపు అంటగడుతుంది. ఇంట్లో గాజుగ్లాసులు ఎలా ఉన్నా పట్టించుకోని మనిషి, ఈ అరచేతంత పలకని మాత్రం పసిబిడ్డలా చూసుకుంటుంది.

అది అల్మరాలకీ గోడబీరువాలకీ నల్లటి తలుపులు చేసే కార్ఖానా. చెక్క మీద నల్లరంగు ఏడు పూతలు పూసి, ఆరాక, ముఖం కనిపించేదాకా పాలిషు పడతారు. పాలిషుకి నాలుగు బల్లలు. ఆ నాలుగు బల్లల మీంచి వచ్చే తలుపులన్నీ చివరికి ఆవిడ ముందుకే రావాలి. ఆవిడ మెరుపు కొలిచి పాసు ముద్ర కొడితే ప్యాకింగుకి, లేకపోతే వచ్చిన బల్లకే వెనక్కి. పెద్ద చదువేం లేదు, పెద్ద గొంతూ లేదు. కానీ ఆవిడ ముద్ర పడిన తలుపుని మళ్లీ ఎవరూ తిప్పి చూడరు.

రెండో బల్ల ఆవిడ భర్తది. ఒకప్పుడు పాత మేనేజరు ఆయన చేసిన తలుపు ముందు నిలబడి జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. అప్పట్నుంచి ఆయన అందరికీ అద్దాలాయన అయ్యాడు. ఆ మేనేజరుకి ఇప్పుడు దువ్వుకోవడానికి తల మీద ఏమీ మిగల్లేదని విన్నారు, ఈయనకి మాత్రం పేరు మిగిలింది.

ఇవాళ పొద్దున ఆయన చొక్కా గుండీలు పెట్టింది ఆవిడే. రెండు నెలలుగా ఆవిడే పెడుతోంది, వెనక గదిలో, తలుపు దగ్గరగా వేసి. ముందు గదిలో అత్తగారు కూర్చుని ఉంటుంది. ఎనభై దాటిన ఆవిడకి చెవులు వినపడవుగానీ కళ్లు మాత్రం డేగకళ్లు. కొడుకు గుండీ పెట్టుకోలేకపోతున్నాడని చూసిందంటే ఇక ఆ రోజు ముద్ద ముట్టదు. "ఇంతసేపు లోపల ఏం చేస్తున్నారే ఇద్దరూ, ఈ వయసులో?" అని ముసలావిడ వీధి వినేలా అరిచింది. లోపల ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వేసరికి ఆయనకి ఆయాసం వచ్చి మంచం అంచున కూలబడ్డాడు. అది తగ్గేదాకా ఆవిడ ఆయన వీపు మీద చెయ్యేసి నిలబడింది. తర్వాత ఇద్దరూ ఏమీ జరగనట్టు బయటికొచ్చి, చెప్పులు వేసుకుని పనికి బయల్దేరారు.

మెరుపు కొలిచే మీటరు పెద్దదేం కాదు, సబ్బుపెట్టె కన్నా కాస్త పొడుగు. లోపల చిన్న దీపం తలుపు మీదికి వెలుగు పంపుతుంది, తిరిగొచ్చిన వెలుగు ఎంతో చూసి అంకె చెబుతుంది. పక్కనున్న మీట జరిపితే ఆ వెలుగు పడే కోణం మారుతుంది. ఒకటి అరవై డిగ్రీలు, ఒకటి ఇరవై. అరవైలో వెలుగు ఏటవాలుగా పడుతుంది. ఏటవాలుగా చూస్తే పాత సత్తుగిన్నె కూడా మెరుస్తుంది. ఇరవై అంటే దాదాపు నెత్తిమీద నిలబడి చూడటం. సన్నగీతలు, మసక, సరిగ్గా రుద్దని చోట్లు, అన్నీ అప్పుడే బయటపడతాయి. అందుకని అరవైలో డెబ్బై దాటిన ఏ తలుపునైనా ఇరవైలో పెట్టి చూసి తీరాలి. ఇక్కడి తలుపులన్నీ దాటేవే. ఇరవైలో ఎనభై వస్తేనే పాసు. ఈ నియమాన్ని పెద్దక్షరాలతో రాసి గోడకి అంటించింది కూడా మీటరమ్మే.

మూడు నెలలుగా రెండో బల్ల తలుపుల దగ్గర మాత్రం ఆ మీట అరవై మీదే ఉండిపోతోంది.

మొదటిరోజు ఇరవైలో డెబ్బై ఆరు వచ్చింది. ఆయన తలుపుకి! అన్నేళ్లలో ఆయన తలుపు ఎనభై ఆరుకి తగ్గడం ఆవిడ చూడలేదు. ఇంకా వేడిగా ఉందేమో అనుకుని, చల్లారనిచ్చి, స్పిరిటుతో తుడిచి మళ్లీ పెట్టింది. డెబ్బై ఐదు. తలెత్తి రెండో బల్ల వైపు చూసింది. ఆయన పాలిషు మెషినుని రెండు చేతులా పట్టుకుని, ఒళ్లంతా దానిమీద ఆన్చి తోస్తున్నాడు. మధ్యమధ్య ఆపి, ఏదో వస్తువు కోసం వెతుకుతున్నట్టు నటిస్తూ ఊపిరి తీసుకుంటున్నాడు. ఆ నటన ఎవరికీ పట్టుబడలేదు, ఆవిడకి తప్ప.

డాక్టరు అంతకు వారం ముందే చెప్పాడు. గుండె బాగా బలహీనపడింది, మందులు వాడండి, బరువు పని పూర్తిగా మానెయ్యండి అని. బయటికొచ్చాక మెట్ల మీద ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"కార్ఖానాలో చెప్పకే. బల్ల తీసేస్తారు. ఆ బల్ల లేకపోతే నేనెవణ్ని?"

ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఆవిణ్ని అడిగినవి తక్కువ. అడక్క అడక్క అడిగిన ఆ ఒక్కటీ కాదనలేకపోయింది. డెబ్బై ఐదు అంకెని చూస్తూ కాసేపు కూర్చుని, మీట అరవైకి జరిపింది. తొంభై ఒకటి. కాగితం మీద కోణం గడిలో అరవై అని, అంకె గడిలో తొంభై ఒకటి అని రాసి, పాసు ముద్ర కొట్టింది. రాసిన దాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. కోణం గడి ఎవరూ చదవరని ఆవిడకి తెలుసు, అంతే. ఆ రోజు ఇంటికెళ్లాక అన్నం సయించలేదు. మర్నాడు కాస్త సయించింది. వారం తిరిగేసరికి అలవాటైపోయింది. తప్పు చెయ్యడం కష్టమంటారుగానీ, మొదటిసారే కష్టం.

వారం కిందట రెండు తలుపులు వెనక్కొచ్చాయి. ఎవరో ఇల్లాలు వాటిని పక్కపక్కనే బిగించి కిటికీ తెరిస్తే, ఒకటి నీళ్లలా ఉందిట, ఇంకోటి పాలు కలిపిన నీళ్లలా ఉందిట. మేనేజరు రెండింటి కాగితాలూ తెప్పించాడు. ముద్ర చూశాడు, కోణం గడి చూడలేదు. మీటరమ్మ పాసు కొట్టిందంటే తప్పు ఆవిడది కాదు, మీటరుదే అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఎవరైనా విన్నదే. ఆడే మనిషి మీద నమ్మకం కొద్దీ చూసేవాళ్లే మద్దెలని తిట్టడం ఆవిడ అప్పుడే చూసింది. పద్నాలుగేళ్లుగా నిజం తప్ప చెప్పని మీటరు నింద మోసి ఊరుకుంది. దొంగకి తేలు కుట్టినట్టు ఆవిడా ఊరుకుంది.

"ముసలిదైపోయిందమ్మా అది. కొత్తది కొందాం" అన్నాడు మేనేజరు. "అమ్మేవాణ్ని రమ్మన్నాను. మీరు ఏది మంచిదంటే అదే."

ఆ అమ్మేవాడు వచ్చేది ఇవాళే. అందుకే పొద్దున పలక తుడవడం మూడుసార్లయింది.

తొమ్మిదిన్నరకి మూడో బల్లాయన తన తలుపు తెచ్చి ఆవిడ ముందు పరిచాడు. వరసకి ఏమీ కాకపోయినా ఆవిణ్ని అక్క అంటాడు, ఆయన్ని బావ అంటాడు. నోరు ఊరుకోని మనిషి.

"ఎంతక్కా?"

"ఎనభై రెండు."

"ఏంటో! నా తలుపు దగ్గరికొచ్చేసరికి నీ మీటరుకి ముక్కు మీద కోపం. మా బావ తలుపయితే చాలు, తొంభైలు తప్ప పలకదు. మొగుడి మీద ప్రేమ దానికి కూడా అంటుకుందా ఏంటి?"

నాలుగు బల్లల వాళ్లూ నవ్వారు. అద్దాలాయన కూడా నవ్వాడు. ఆవిడ మాత్రం తలుపు మూల లేని మరకని తుడుస్తూ ఉండిపోయింది.

పదకొండింటికి పైగదిలోంచి పిలుపొచ్చింది. మేనేజరు బల్ల మీద రెండు పెట్టెలు తెరిచి ఉన్నాయి. అమ్మేవాడు నలభై ఏళ్ల మనిషి. మీటర్లని తీసే తీరులోనే పని తెలిసినవాడని ఆవిడకి అర్థమైంది. మొదటిది చిన్నది, చవకది, అరవై డిగ్రీలు ఒక్కటే. రెండోది పెద్దది. బొత్తాం ఒక్కసారి నొక్కితే ఇరవై, అరవై, ఇంకా మెరుపే లేని గరుకు రంగులకి వాడే ఎనభై ఐదు, మూడు కోణాల అంకెలూ ఒకేసారి వస్తాయి. వచ్చినవన్నీ ఏ తలుపువో, ఏ బల్లవో కలిపి లోపలే దాచుకుంటుంది.

"ఏ కోణం వాడాలా అని మీరు తడుముకోనక్కర్లేదు. దాచుకున్నది చెరపడానికి ఎవరి తరమూ కాదు" అన్నాడు అమ్మేవాడు.

ఆవిడ రెండింటినీ వెంట తెచ్చుకున్న తన పలక మీద పెట్టి చూసింది. పైకి తెప్పించిన మూడో బల్ల తలుపు మీద పెట్టి చూసింది. పెద్దది తలుపుని పట్టుకున్న తీరు ఎంత బాగుందంటే, ఒకసారి చూసినచోటే మళ్లీ పెట్టి చూసింది. అడుగు సమంగా కూర్చుంటుంది, అంకె ఊగకుండా వస్తుంది. ఇలాంటిది చేతికి రావాలని పదేళ్లుగా అనుకుంటున్న మనిషి ఆవిడ. పాత మేనేజరుకి రెండుసార్లు అర్జీ కూడా రాసింది. ఆ కోరిక ఇవాళ తీరబోతుంటే, ఆ పెద్ద మీటరుని పెట్టెలో పెట్టేసి, చీరకొంగుతో చేతులు తుడుచుకుంది.

"చిన్నది చాలండి" అంది.

అమ్మేవాడు ఆవిడ వంక వింతగా చూశాడు. "అమ్మా, ఇంత మెరుపు మీద అరవై ఒక్కటే అంటే కళ్లు మూసుకుని చూసినట్టే. మీకు తెలియదని నేననుకోను."

"తేలిగ్గా ఉంది. రోజంతా పట్టుకుంటే చెయ్యి లాగదు."

అది వింటుంటే ఆవిడకే నవ్వొచ్చేంత పేలవంగా ఉంది. మేనేజరుకి మాత్రం అదే వేదవాక్కు. "మీటరమ్మ చెప్పాక తిరుగేముంది? భోంచేసి రండి, మధ్యాహ్నం ఆర్డరు రాసేద్దాం" అన్నాడు అమ్మేవాడితో. ఆవిడ తన పలక తీసుకుని మెట్లు దిగింది.

భోజనానికి వెనకవైపు రేకుల నీడలో సిమెంటు దిమ్మె మీద కూర్చుంటారు ఇద్దరూ. ఆయన డబ్బా మూత ఆవిడే తీసింది. ఆయన నాలుగు మెతుకులు కెలికి, అటువైపు గోడనే చూస్తూ అడిగాడు.

"ఏది తీసుకోమన్నావు?"

"చిన్నది."

"ఇరవై ఉందా దాంట్లో?"

ఆవిడ తన డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేసింది.

"లేదు కదూ." ఆయన డబ్బా పక్కన పెట్టాడు. "నాకు తెలుసే. మొదట్నుంచీ తెలుసు."

రెండోరోజే, ఆవిడ టీకి వెళ్లినప్పుడు, తన తలుపు మీద తనే మీటరు పెట్టుకుని చూసుకున్నాడట, ఇరవైలో. అసలు మీటరు చెప్పక్కర్లేకుండా కంటికే తెలిసిందట. తర్వాత కాగితం తిప్పి కోణం గడి చదివాడట. ఇదంతా ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు.

"మరి ఇన్నాళ్లూ నాతో ఒక్క మాట అనలేదేమండీ?"

"ఏమనేది? నువ్వు అరవైలో పెట్టి ముద్ర కొట్టినప్పుడల్లా ఇంకో పూట నేను పాలిషువాణ్ని. అది బాగుండేది నాకు. సిగ్గులేని మనిషిననుకో."

మూడు నెలలుగా తనొక్కతే మోస్తున్నాననుకున్న బరువు ఇద్దరూ మోస్తున్నారన్నమాట, ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద, ఒకరికి తెలియకుండా ఒకరు.

"నా చెయ్యి పోయింది, అది రాదు" అన్నాడాయన. "నీ కన్ను బాగానే ఉంది కదా. నాకోసం దాన్ని ఎందుకు పోగొట్టుకుంటావు? పైకెళ్లి పెద్దదే కొనమని చెప్పు."

"మీ బల్ల తీసేస్తారు."

"తియ్యనీ. ప్యాకింగులో వేస్తారు. అట్టపెట్టెకి టేపు వెయ్యడం నాకు రాదనుకున్నావా? పెళ్లయిన కొత్తలో నీ ట్రంకుపెట్టెకి తాళ్లు బిగించింది నేనే."

"అత్తయ్యగారికి ఏం చెప్తారు?"

"వినపడదుగా."

ఆవిడ నవ్వింది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. లేచేముందు ఆయన ఒక కోరిక కోరాడు. ఈ పూట ఇంకో తలుపు చేస్తాను, దాన్ని ఇరవైలోనే పెట్టు, ఎంతొస్తే అంత నా దగ్గరికొచ్చి చెప్పు, నీ నోటినుంచి వినాలి అన్నాడు.

"ఇక చాల్లెండి. ఇవాళ కూర్చోండి."

"ఒక్కటే. పెంచకు, తగ్గించకు."

ఆయన ముఖం చూసి ఆవిడ సరేనంది. అప్పుడు కాదని ఉండాల్సింది.

ఒంటిగంటకి మెషిన్లు మళ్లీ మొదలయ్యాయి. చేతిలో ఉన్న తలుపులు పూర్తిచేసి ఆవిడ పైకెళ్లేసరికి రెండున్నర. అమ్మేవాడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు, మేనేజరు ఆర్డరు కాగితం ముందేసుకున్నాడు. బయటివాడు ఉన్నాడని ఆగితే ఇక నోరు రాదని తెలిసి, గుమ్మంలోనే నిలబడి చెప్పేసింది.

"పెద్దదే కొనండి సార్. తప్పు పాత మీటరుది కాదు, నాది. రెండో బల్ల తలుపులు మూడు నెలలుగా అరవైలో పెట్టి పాసు చేస్తున్నాను."

ఎందుకో కూడా చెప్పింది. డాక్టరు మాట, మెట్ల మీద ఆయన అడిగిన మాట, అన్నీ. అమ్మేవాడు లేచి కిటికీ దగ్గరికెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు. మేనేజరు చాలాసేపు కలం మూత పెడుతూ తీస్తూ ఉన్నాడు. అరుస్తాడనుకుంది. అరిచినా బాగుండేది.

"రేపట్నుంచి ఆయన్ని ప్యాకింగులో కూర్చోబెడదాం. జీతమేం తగ్గదు" అన్నాడు చివరికి. "ఒక్కమాట ముందే చెప్పుంటే అప్పుడే వేసేవాణ్ని కదమ్మా. దీనికోసం ఇంత చెయ్యాలా? మీ సంగతి తర్వాత మాట్లాడదాం, వెళ్లండి."

ఆవిడ దిగొచ్చింది. తన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. అయినా మూడు నెలల్లో మొదటిసారి ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్లినట్టనిపించింది. సాయంత్రం ఆయన్ని రిక్షాలో తీసుకెళ్లాలని, దారిలో మందులు కొనాలని, రేపట్నుంచి గుండీలు అత్తగారి ముందే పెడితే మాత్రం ఏం పోయిందని అనుకుంది.

బల్ల మీద తలుపు సిద్ధంగా ఉంది. "బావ పంపాడు. అక్కకే ఇమ్మన్నాడు" అని మూడో బల్లాయన దించి వెళ్లాడట, పక్కనున్నవాళ్లు చెప్పారు. చెయ్యి పెడితే ఇంకా గోరువెచ్చగా ఉంది. చల్లారేదాకా ఆగింది. స్పిరిటుతో తుడిచి, పలక మీద మీటరుని ఇంకోసారి సరిచూసుకుని, మీట ఇరవైకి జరిపింది. కంటికి మధ్యభాగం బాగానే కనిపించింది. ఏమో, ఒళ్లంతా పెట్టి చేసినట్టున్నాడు, వస్తుందేమో అనుకుంది. వచ్చేస్తే ఎంత బాగుండు! ఒక్కసారికి, చివరిసారికి.

నాలుగు మూలలా, మధ్యలో, అయిదుచోట్ల పెట్టింది. డెబ్బై మూడు, డెబ్బై నాలుగు, డెబ్బై నాలుగు, డెబ్బై నాలుగు, డెబ్బై ఐదు.

కోణం గడిలో ఇరవై అని రాసింది. అంకె గడిలో డెబ్బై నాలుగు అని రాసింది. ఇన్నేళ్లలో ఆయన తలుపు మీద ఎన్నడూ పడని 'వెనక్కి' ముద్ర తీసి కొట్టింది. ముద్ర వంకరగా పడింది.

రెండో బల్లకి నడుస్తుంటే నాలుక చివర ఎనభై ఒకటి అనే అంకె ఆడింది. ఎనభై ఒకటి అంటే ఆ ముఖం ఎలా వెలుగుతుందో ఆవిడకి తెలుసు. రేపు ఎలాగూ బల్ల ఉండదు కాబట్టి ఆ అబద్ధంవల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ మాట ఇచ్చింది. పెంచకు, తగ్గించకు అన్నాడు. ఇన్నాళ్లకి ఇద్దరిమధ్యా నిజం మొదలైంది, దాన్ని పూట గడవకుండానే పాడుచెయ్యబుద్ధి కాలేదు.

ఆయన స్టూలు మీద కూర్చుని, స్తంభానికి వీపు ఆన్చి, కళ్లు సగం మూసుకుని ఉన్నాడు. మెషిను ఆపి ఉంది. ఒక్కటే అన్నవాడు ఊరుకోక అప్పుడే ఇంకో తలుపు బల్లకెక్కించాడు. చుట్టూ మూడు మెషిన్లు హోరుమంటుంటే ఆవిడ ఆయన చెవి దగ్గరికి వంగింది.

"డెబ్బై నాలుగండీ."

ఆయన పలకలేదు. బాధపడ్డాడనుకుంది.

"మధ్యలో డెబ్బై ఐదు కూడా వచ్చింది. మూలే కాస్త తగ్గింది."

పలకలేదు.

"మేనేజరు మంచిగానే మాట్లాడాడు. రేపట్నుంచి కూర్చుని చేసే పనేనట. జీతం కూడా తగ్గదట. ఏవండీ? ఉన్నదున్నట్టు చెప్పమన్నారుగా, చెప్తే అలుగుతారేం?"

బుజ్జగిస్తున్నట్టు చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఆవిడ చేతిలోంచి బరువుగా జారి, స్టూలు పక్కన వేలాడింది.

ఆవిడ అరవలేదు. అలాగే వంగి, అదే చెవి దగ్గర, "ఏవండీ" అని ఇంకోసారి అంది. మూడో బల్లాయన ఇటు చూసి మెషిను ఆపాడు. తర్వాత మొదటి బల్ల ఆగింది, నాలుగోది ఆగింది. ఎన్నడూ పనివేళ ఆ గదిలో అంత నిశ్శబ్దం లేదు. "బావా" అన్నాడు మూడో బల్లాయన, నవ్వించబోతున్నవాడిలా మొదలుపెట్టి. ఆ మాట మధ్యలోనే విరిగిపోయింది.

తర్వాత చాలామంది వచ్చారు. మేనేజరు మెట్లు రెండేసి దూకుతూ దిగాడు. అమ్మేవాడు పెట్టెలు పక్కన పెట్టి ఆయన్ని నేలమీద పడుకోబెట్టడానికి భుజం పట్టాడు. ఎవరో నీళ్లు తెచ్చారు, ఆ నీళ్లు ఎవరూ తాగలేదు. అంబులెన్సులో వచ్చిన మనిషి మణికట్టు పట్టుకుని, కళ్లలోకి దీపం వేసి చూసి, లేచి నిలబడ్డాడు.

"ఎంతసేపయింది పోయి?" అని ఆవిడ అడిగింది.

"చెప్పలేమమ్మా. పావుగంట అటూ ఇటూ."

"నేను చెప్పింది వినుంటారా?"

ఆ మనిషికి అర్థం కాలేదు. ఎవరికీ అర్థం కాలేదు. వినుంటే, ఆయన విన్న ఆఖరి మాట డెబ్బై నాలుగు. వినకపోతే, ఆయన కోరిన చిన్న కోరిక కూడా తీరలేదు. రెండిట్లో ఏది జరిగుంటే బాగుండునో ఆవిడ తేల్చుకోలేకపోయింది. మూడు నెలలు దాచినదాన్ని ఇంకొక్క పూట దాచుకోలేకపోయానే అని గుండె బాదుకుంది. మరుక్షణమే, మొదటిరోజే ఎందుకు చెప్పలేదని బాదుకుంది. మొదటిరోజే మీట ఇరవై మీద ఉంచి 'వెనక్కి' ముద్ర కొట్టి ఉంటే, ఈపాటికి ఆయన ప్యాకింగులో కూర్చుని టేపు వేస్తూ ఉండేవాడు, మూతి ముడుచుకుని, బతికి. ఇంత చిన్న పని అది. ఒక్కమాట ముందే చెప్పుంటే అని మేనేజరు అననే అన్నాడు. ఆవిడ ఆయన బల్లని కాపాడింది. ఆయన్ని కాపాడలేదు.

ఇంటి దగ్గర అత్తగారు గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తుంటుంది. చెవులు వినపడని మనిషికి ఈ మాట మెల్లగా చెప్పడానికి లేదు. వీధి వీధంతా వినేలా అరిచి చెప్పాలి. ఒకసారి చెబితే చాలదు, రెండుసార్లు చెప్పాలి.

మూడో బల్లాయన, మేనేజరు, ఇంకో ఇద్దరు కలిసి ఆయన్ని ఎత్తారు. "నడు అక్కా" అని ఎవరో భుజం పట్టుకున్నారు. ఆవిడ నాలుగడుగులు వేసి, ఏదో మరిచిపోయినదానిలా వెనక్కి తిరిగి చూసింది.

రెండో బల్ల మీద ఆయన చివరగా ఎక్కించిన తలుపు పరిచినట్టే ఉంది. దానిమీద వరసగా నాలుగు పాలిషు ముద్దలు పెట్టుకున్నాడు, రెండు రుద్దాడు, మిగిలిన రెండూ ఉసిరికాయంతేసి తెల్లగా అలాగే కూర్చుని, అంచుల దగ్గర అప్పుడే ఆరడం మొదలుపెట్టాయి.